మూత్రాశయంలో కణితి – దీపపు గొట్టం మొదలు మరచేతుల దాకా

మూత్రంలో రక్తం కనిపిస్తే మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పెద్దలు "వేడి చేసింది" అనుకుని బార్లీ నీళ్ళు తాగి ఊరుకుంటారు. నొప్పి లేదు కదా అని ధీమా. నొప్పి లేని ఆ రక్తమే మూత్రాశయంలో కణితికి మొదటి నోటీసు కావచ్చును. చుట్ట, సిగరెట్టు అలవాటున్నవారు మరీ జాగ్రత్తపడాలి.

మూత్రాశయం లోపలి భాగాన్ని కంటితో చూసే సరైన సాధనం చాలాకాలం లేదు. 1879లో మాక్స్ నిట్జె అనే జర్మన్ వైద్యుడు దీపం అమర్చిన గొట్టాన్ని మూత్రమార్గం గుండా పంపి చూపించాడు. 1910లో న్యూయార్కులో ఎడ్విన్ బీర్ అదే దారిన విద్యుత్తు పంపి కణితిని కాల్చాడు. నేటికీ మామూలు కణితులకు మొదటి చికిత్స ఈ దారినే జరుగుతుంది.

మందుల విషయానికొస్తే మన పొరుగు ఊరివాడే కనిపిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో చేరి, తన బృందంతో మెథోట్రెక్సేట్ వంటి మందులు తయారు చేయించారు. ఆయన 1948లో కన్నుమూశారు. 1985లో న్యూయార్కు వైద్యులు మూత్రాశయ క్యాన్సరుకు ప్రకటించిన నాలుగు మందుల చికిత్సలో మొదటిది ఆ మెథోట్రెక్సేటే.

అయితే కొన్ని అరుదైన కణితులకు మందుకంటె కత్తే దిక్కు. పారాగాంగ్లియోమా అని ఒకటుంది, వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా తలనొప్పి, గుండెదడ, బి.పి. పెరగడం దీని గుర్తులు. తెలియక గోకితే బి.పి. ప్రమాదకరంగా ఎగబాకుతుంది. అందుకే ముందుగా కొన్నాళ్ళు మాత్రలిచ్చి, తరువాతనే ఆపరేషను చేస్తారు. మరొకటి మూత్రాశయం పైకొసన, బొడ్డు వైపు పోయే పాత నాళపు అవశేషంలో పుడుతుంది. ఇటువంటివాటిలో చాలాసార్లు సంచీ మొత్తం తీయనక్కరలేదు, ఆ భాగం కోసి కుట్టవచ్చు.

ఆ పనికి మరచేతులు అక్కరకొచ్చాయి. డావిన్సీ యంత్రానికి అమెరికా ప్రభుత్వం 2000లో అనుమతినిచ్చింది. మరమనిషి తనంతట తాను కోస్తాడని కొందరి భయం. అదేమీ లేదు. డాక్టరు పక్కనే కూర్చుని లోపలి దృశ్యాన్ని పెద్దదిగా చూస్తూ మీటలు కదిపితే, చిన్న రంధ్రాల గుండా వెళ్ళిన పనిముట్లు చేతి వణుకు లేకుండా కదులుతాయి.

సంచీ మొత్తం తీసే ఆపరేషన్లపై 2018లో వెలువడిన అమెరికా అధ్యయనం ప్రకారం, రెండేళ్ళ వరకు క్యాన్సరు అదుపులో పెద్ద కోతకూ దీనికీ తేడా లేదు. రక్తనష్టం మాత్రం తగ్గింది. ఖర్చు ఎక్కువే. మన హెల్త్ కార్డు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలో చేరకముందే కాగితం మీద రాయించుకోండి.