తరగతిలో అడిగిన ఒక ప్రశ్న

నేలను సెంట్లలో, ధాన్యాన్ని కుంచాలతో కొలిచే మనకు, సమాచారాన్ని కూడా కొలవవచ్చంటే వింతగానే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కొలత రెండు దారుల్లో పుట్టింది. అందులో ఒక దారి వేసినవారిలో విశాఖలో చదువుకున్న తెలుగువారొకరు ఉన్నారు.

మొదటి దారి టెలిగ్రాఫ్, టెలిఫోన్ ఇంజనీర్లది. ఒక తీగ మీద ఎంత సమాచారం పంపగలమన్న లెక్కను అమెరికాలో నైక్విస్ట్ 1924లో, హార్ట్లీ 1928లో మొదలుపెట్టారు. 1948లో క్లాడ్ షానన్ దాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. 'రేపు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అంటే అందులో కొత్త కబురేమీ లేదు. 'రేపు తుఫాను బారువ దగ్గర తీరం దాటుతుంది' అంటే ఎంతో ఉంది. కబురు ఎంత అరుదైనదైతే అందులో అంత సమాచారం ఉన్నట్టు. బొమ్మా, బొరుసా అన్నది తేల్చే కబురు ఒక బిట్. ప్రతి మార్గానికీ ఒక పరిమితి ఉంటుందనీ, దానికి లోబడి పంపితే మధ్యలో రొద ఉన్నా తప్పుల్ని కోరినంత తగ్గించవచ్చనీ షానన్ నిరూపించారు.

రెండో దారి గణాంకశాస్త్రానిది. కొన్ని కొబ్బరిచెట్ల కాపు చూసి తోటంతటి కాపు అంచనా కడతాం. ఆ కొన్ని చెట్లు మనకిచ్చే సమాచారం ఎంత? ఇంగ్లండులో ఫిషర్ 1920లలో దీనికి కొలత ఇచ్చారు. అంచనాలో పొరపాటును ఎంతవరకు తగ్గించగలమో పెద్ద నమూనాల విషయంలో తేల్చారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఈ పాఠం చెబుతుండగా, చిన్న నమూనాలకు కూడా దీన్ని నిరూపించగలరా అని ఒక విద్యార్థి అడిగారు. ఆయన తరువాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరుపొందిన వి.ఎం. దండేకర్. రావు గారికి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. ఆ రాత్రి కూర్చుని నిరూపణ సాధించి మర్నాడు తరగతిలో చెప్పారు. 1945లో అది కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయింది. స్వీడన్‌కు చెందిన క్రామెర్ కూడా విడిగా అదే ఫలితాన్ని సాధించడంతో 'క్రామెర్–రావు హద్దు' అన్న పేరు స్థిరపడింది.

1951లో కుల్‌బాక్, లైబ్లర్ ఈ రెండు దారులకూ ఉన్న సంబంధాన్ని చూపించారు. రావు గారి 1945 వ్యాసంలోని మరో ఆలోచన నుంచి 'సమాచార జ్యామితి' అనే శాఖే ఎదిగింది. ఆ వ్యాసానికి 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించేనాటికి ఆయన వయసు 102 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆ విద్యార్థి ప్రశ్నను మనసులోనే దాచుకుని ఉంటే, లేదా ఆ గురువు 'సిలబస్‌లో లేదు, కూర్చో' అని ఉంటే? ఈ స్వర్ణోత్సవ వేళ మన బడికి గదులూ, బల్లలూ ఇవ్వడం మంచిదే. పిల్లలు జంకకుండా ప్రశ్న అడిగే తరగతులు ఉండేలా చూడటం కూడా మన అందరి బాధ్యతే.