పార్వతీపురం ఎన్నికలో రెండు ఓట్ల లెక్క

ఎన్నికల ఫలితాలు వెలువడినప్పుడు ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చినవని అందరమూ అడుగుతాము. ఆ ఓట్లను ఏ నియమం ప్రకారం లెక్కించినారని అడిగేవారు అరుదు. నియమం వేరైతే, ఒక్క ఓటైనా అటు ఇటు కాకుండానే, గెలిచిన వ్యక్తి మారవచ్చును. ఇందుకు ఉదాహరణ కొరకు దూరం పోనక్కరలేదు. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గంలో జరిగిన ఎన్నికయే చాలును. అప్పుడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలో చేరినది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైనది.

ఆ రోజులలో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. అనగా అక్కడినుండి ఇద్దరు సభ్యులు లోక్‌సభకు ఎన్నిక కావలెను. రెండు స్థానాలలో ఒకటి షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. రెండవది సామాన్య స్థానం. గిరిజనుడైనా, మైదానపు రైతైనా, ప్రతి ఓటరుకు రెండేసి ఓట్లు ఉండేవి. ఆ రెండూ ఒకే అభ్యర్థికి వేయుటకు వీలు లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై అతని గుర్తు. ఓటరు తన చీటీలను తనకు నచ్చిన పెట్టెలలో వేసేవాడు.

పోటీలో నలుగురు నిలిచినారు. వారిలో ఒకరు వరాహగిరి వెంకటగిరిగారు. 1894లో బరంపురంలో జన్మించిన ఈయన 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించినారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు వెళ్ళి కేంద్ర కార్మిక మంత్రి అయినారు. షెడ్యూల్డు తెగల అభ్యర్థులు ఇద్దరు: బిద్దిక సత్యనారాయణగారు, దిప్పల సూరిదొరగారు.

లెక్కింపు నియమంలో రెండు మెట్లు ఉన్నవి. మొదట షెడ్యూల్డు తెగల అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ప్రత్యేక స్థానం ఇవ్వవలెను. తరువాత, మిగిలిన అభ్యర్థులందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి సామాన్య స్థానం ఇవ్వవలెను. మొదటి మెట్టులో సత్యనారాయణగారు ఎన్నికైనారు. ఇక మిగిలిన ముగ్గురిలో సూరిదొరగారికి గిరిగారి కంటే 565 ఓట్లు ఎక్కువ వచ్చినవి. సామాన్య స్థానం సూరిదొరగారిదైనది. కేంద్రమంత్రిగా పనిచేసిన కార్మిక నాయకుడు ఓడి, రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే దక్కినవి.

ప్రత్యేక స్థానం కోరి నామినేషను వేసిన వ్యక్తి సామాన్య స్థానానికి అర్హుడు కాడని గిరిగారు వాదించినారు. ఈ వాదన నెగ్గితే, అవే ఓట్లతో గెలుపు ఆయనదే అయ్యేది. వివాదం సుప్రీంకోర్టు వరకు పోయినది. 1959లో న్యాయస్థానం సూరిదొరగారి ఎన్నిక చెల్లునని తీర్పు చెప్పినది. ప్రత్యేక స్థానం షెడ్యూల్డు తెగలకు కనీసపు హామీ. అది సామాన్య స్థానంపై వారికి గల హక్కును తీసివేయదు. మరొక విధంగా చెప్పవలెనంటే, రిజర్వేషను కాళ్ళ క్రింది నేలయే గాని నెత్తిమీది కప్పు కాదు.

ఒకే మనిషికి రెండు ఓట్లిచ్చి, ఆ రెంటి మధ్య తేడా పాటించకపోతే చిక్కులు రావడం మన దేశంలోనే మొదలు కాలేదు. 1800 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రాల తరఫున ఓటు వేసే ప్రతినిధులకు రెండేసి ఓట్లు ఉండేవి. ఏ ఓటు అధ్యక్షునికి, ఏది ఉపాధ్యక్షునికి అని సూచించే వీలు లేదు. జెఫర్సన్‌కు, ఆయన పక్షానికే చెందిన బర్‌కు సరిగ్గా 73 చొప్పున వచ్చినవి. ఎదుటి పక్షం మరింత జాగ్రత్తగా లెక్క వేసుకొన్నది: రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రంలో వారి ప్రతినిధి ఒకరు తన రెండవ ఓటును జాన్ జే అనే వేరొకరికి వేసినారు. అందువలన ఆడమ్స్‌కు 65, పింక్నీకి 64 వచ్చి, వారి మధ్య పోటీ సమం కాలేదు. జెఫర్సన్, బర్‌ల చిక్కు విడదీయుటకు ప్రతినిధుల సభ 36 పర్యాయాలు ఓటు వేయవలసి వచ్చినది. 1801 ఫిబ్రవరి 17న జెఫర్సన్ ఎన్నికైనాడు. 1804లో రాజ్యాంగాన్ని సవరించి రెండు పదవులకు వేరువేరుగా ఓట్లు ఏర్పాటు చేసినారు. మన దేశంలోనూ 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసినారు.

పార్వతీపురంలో ఓడిన గిరిగారు 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసినారు. అక్కడి నియమం వేరు. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ఇష్టం ఏ వరుసలో ఉన్నదో వ్రాయవలెను. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపునకు 4,18,169 కావలెను. తొలి లెక్కలో గిరిగారికి 4,01,515, నీలం సంజీవరెడ్డిగారికి 3,13,548, సి. డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. గెలుపు సంఖ్య ఎవరికీ రాలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని వరుసగా తొలగించి, వారి ఓట్లను తదుపరి ఇష్టాన్ని బట్టి పంచగా, గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయినవి. పార్వతీపురం చీటీలు ఇష్టమైన ఇద్దరెవరో చెప్పినవి గాని వారిలో ముందెవరో చెప్పలేదు. ఈ చీటీలు ఆ వరుసను కూడ చెప్పినవి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షించి చూడవచ్చును. నలుగురు అభ్యర్థులను నిలిపి, వారిలో ఇద్దరిని ప్రత్యేక స్థానానికి అర్హులుగా గుర్తించి, విద్యార్థులకు రెండేసి చీటీలివ్వండి. అవే చీటీలను ఒకసారి 1957 నియమంతోను, మరొకసారి గిరిగారు కోరిన నియమంతోను లెక్కించండి. ఫలితం మారినదా? మారితే ఏ నియమం న్యాయమైనదో విద్యార్థులనే చర్చింపనివ్వండి. అయితే ఒక్క షరతు: మరుసటి ఎన్నికకు నియమాన్ని చీటీలు పంచకముందే నల్లబల్లపై వ్రాయవలెను.