కెప్టెన్ అంటే ఐజర్‌మనే: నూరేళ్ళ రెడ్ వింగ్స్

డెట్రాయిట్ మంచు హాకీ జట్టు రెడ్ వింగ్స్‌కి 2026తో నూరేళ్ళు నిండుతున్నాయి. 1926లో జట్టు మొదలైనప్పుడు ఊళ్ళో ఆడడానికి తగిన మైదానమే లేదు. తొలి ఏడాది సొంత ఆటలు నది దాటి, కెనడాలోని విండ్సర్‌లో ఆడుకున్నారు. 1927లో ఒలింపియా స్టేడియం కట్టాక సొంత గూటికి చేరారు. మొదటి పేరు కూగర్స్, తర్వాత ఫాల్కన్స్. 1932లో జేమ్స్ నోరిస్ జట్టును కొని, రెడ్ వింగ్స్ అని పేరు మార్చి, రెక్కలు తొడిగిన చక్రాన్ని గుర్తుగా పెట్టారు. కార్ల నగరానికి అంతకన్నా నప్పే గుర్తు ఉండదు.

1950ల్లో గోర్డీ హోవ్, టెడ్ లిండ్సే ఉన్న రోజుల్లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పును ఆరేళ్ళలో నాలుగుసార్లు గెలిచారు. కప్పు రావాలంటే అప్పట్లో సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్‌లో ఎనిమిది గెలుపులు కావాలి. అందుకని ఈస్టర్న్ మార్కెట్లో చేపలమ్మే కుసిమానో సోదరులు 1952లో ఎనిమిది చేతుల ఆక్టోపస్‌ని మంచు మీదికి విసిరారు. ఆ ఆచారం నేటికీ పోలేదు.

ఈ నూరేళ్ళలో మేటి ఆటగాడు ఎవరని అడిగితే పెద్దవాళ్ళు గోర్డీ హోవ్ పేరు చెబుతారు. కెప్టెన్ ఎవరని అడిగితే మాత్రం మూడు తరాలదీ ఒకటే జవాబు: స్టీవ్ ఐజర్‌మన్.

ఆయన వచ్చేనాటికి జట్టు పరిస్థితి దయనీయం. 1955 తర్వాత కప్పు లేదు. జనం ‘డెడ్ వింగ్స్’ అని పిలిచేవారు. 1982లో జట్టును కొన్న పిజ్జా వ్యాపారి మైక్ ఇలిచ్, ప్రేక్షకులను రప్పించడానికి ఆటకు వచ్చినవాళ్ళకు కార్లు బహుమతిగా ఇవ్వాల్సి వచ్చింది. 1983లో కొత్త ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు డెట్రాయిట్ కోరుకున్నది పక్క ఊరి కుర్రాడు ప్యాట్ లఫాంటేన్‌ని. అతన్ని మరో జట్టు ముందే తీసుకుపోయింది. నాలుగో ఎంపికగా వచ్చినవాడు పద్దెనిమిదేళ్ళ ఐజర్‌మన్. 1986లో, ఇరవై ఒక్క ఏళ్ళకే, కోచ్ జాక్ డెమర్స్ అతని జెర్సీ మీద కెప్టెన్ గుర్తైన ‘సి’ అక్షరం కుట్టించారు. 2006లో ఆట మానేదాకా అది అక్కడే ఉంది.

1988-89లో ఆయన 65 గోల్స్, 90 అసిస్ట్‌లు, మొత్తం 155 పాయింట్లు చేశారు. జట్టు చరిత్రలో అంతటి సీజన్ ఇంకొకరికి లేదు. అయినా అభిమానులు ఆయన్ను గుండెల్లో పెట్టుకున్నది ఆ అంకెలు చూసి కాదని నా నమ్మకం. 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చి, గోల్స్ తగ్గినా ఫర్వాలేదు, వెనక్కి వచ్చి కాపు కాయమన్నారు. తన పేరు తెచ్చిపెట్టిన ఆటను ముప్ఫై ఏళ్ళకు దగ్గరవుతూ వదులుకోవడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన వదులుకున్నారు. ఆ మార్పుకు గుర్తింపు 2000లో వచ్చింది, కాపు కాసే ఫార్వర్డ్‌లలో ఉత్తముడికిచ్చే సెల్కీ ట్రోఫీ రూపంలో.

1995లో ఫైనల్‌కు వెళ్ళి న్యూజెర్సీ చేతిలో 4-0తో చిత్తయ్యారు. ఆ శరత్కాలంలో ఐజర్‌మన్‌ను ఒటావాకు అమ్మేస్తారని పుకారు పుట్టింది. సీజన్‌లో తొలి సొంత ఆట రోజు, జో లూయిస్ అరీనాలో పరిచయాలప్పుడు, బౌమన్ పేరు చదివితే జనం గోల చేసి నిరసన తెలిపారు. ఐజర్‌మన్ పేరు రాగానే లేచి నిలబడి ఆపకుండా చప్పట్లు కొట్టారు. మా మనిషిని మా దగ్గరే ఉంచండని యాజమాన్యానికి ఊరంతా చెప్పిన మాట అది. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. 1997 జూన్ 7న ఫిలడెల్ఫియాను ఓడించి, నలభై రెండేళ్ళ తర్వాత కప్పును డెట్రాయిట్‌కు తెచ్చారు.

ఆ సంబరం ఆరు రోజులే. జూన్ 13న ఆటగాళ్ళు వెళ్తున్న లిమోజిన్ చెట్టును ఢీకొని డిఫెన్స్ ఆటగాడు వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్, మసాజర్ సెర్గెయ్ మ్నాత్సకానోవ్ మళ్ళీ మామూలు జీవితానికి రాలేనంతగా గాయపడ్డారు. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో మళ్ళీ కప్పు గెలిచాక, మంచు మీదికి చక్రాల కుర్చీలో వచ్చిన కాన్‌స్టాంటినోవ్ ఒళ్ళో ఐజర్‌మన్ అందరికన్నా ముందు ఆ కప్పు పెట్టారు. ఆ సాయంత్రం ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ కూడా ఆయనకే వచ్చింది. అభిమానులు కథగా చెప్పుకునేది మాత్రం ఆ ట్రోఫీ గురించి కాదు. కాన్‌స్టాంటినోవ్ 16వ నంబరును డెట్రాయిట్‌లో ఆ తర్వాత ఎవరూ వేసుకోలేదు.

2002లో ఆయన కుడి మోకాలు దాదాపు పనికిరాకుండా పోయింది. పడితే కర్ర ఊతంగా లేచేవారు. అలాగే 23 ప్లేఆఫ్ ఆటల్లో 23 పాయింట్లు చేసి మూడో కప్పు అందించారు. తర్వాత కాలి ఎముక కోసి సరిచేసే శస్త్రచికిత్స చేయించుకుని, కొన్ని నెలలకే మళ్ళీ మంచు మీదికి వచ్చారు.

2019లో ఆయన జనరల్ మేనేజరుగా ఇదే జట్టుకు తిరిగొచ్చారు. ఆటగాళ్ళ ఎంపిక మీద అభిమానులు మొహమాటం లేకుండా విమర్శిస్తారు. అందులో తప్పు లేదు. కెప్టెన్‌గా ఆయన మీద మాత్రం ఎవరినీ మాట అననివ్వరు.

డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది పిల్లలకు ఈ జట్టు సొంత జట్టే. ఈ శతాబ్ది సంవత్సరంలో వాళ్ళను ఒక్కసారైనా లిటిల్ సీజర్స్ అరీనాకు తీసుకువెళ్ళండి. పైకప్పుకు వేలాడే ఐజర్‌మన్ 19వ నంబరు జెండా చూపించండి. దాని మూలన ‘సి’ అక్షరం ఎందుకుందో ఈ కథంతా చెప్పండి.