విడిది ఇల్లు: విష్ణుచిత్తుని వాకిలి నుంచి రాజభవనాల హోటళ్ల దాకా



దర్జీ మన కొలత తీసుకుని చొక్కా కుట్టినట్టు, ఈ రోజుల్లో ప్రయాణాన్ని కూడా ప్రయాణికుడి కొలతకు కుట్టిపెట్టే వ్యాపారం ఒకటి బాగా సాగుతోంది. ఏ ఊరు చూడాలి, ఏ పూట ఏం తినాలి, ఎంత వేడి నీళ్లతో స్నానం చేయాలి, అన్నీ ముందే అడిగి తెలుసుకుంటారు. బస కూడా మామూలు హోటల్లో కాదు. అమెరికాలోనైతే పాత పశువుల క్షేత్రాల్లో, మెక్సికోలోనైతే పాత భూస్వాముల లోగిళ్లలో, మన దేశంలోనైతే రాజుల కోటల్లో, జమీందారుల మేడల్లో. ఒక్క రాత్రికి అక్కడ ఇచ్చే సొమ్ము ఒక బడిపంతులు నెల జీతాన్ని మింగేస్తుంది.

ఇదంతా విదేశాల నుంచి వచ్చిన సరదా అని మనలో చాలామంది అనుకుంటారు. కాని వచ్చినవాడి అవసరాన్ని ముందే ఊహించి విడిది అమర్చడం అనే విద్యకు మన తెలుగులో చాలా పాత చరిత్ర ఉంది. ఆ చరిత్ర నడిచిన చోటు తెలుగు దేశంలో లేదు. అది తమిళనాడులో, విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల నీడలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు. హోసూరు, తిరుత్తణి, చిత్తూరు ప్రాంతాల్లో రెండు భాషల మధ్య బతికే మనకు ఆ ఊరి కథ పరాయిది కాదు.

శ్రీవిల్లిపుత్తూరు అనగానే తమిళులకు పదకొండు అంతస్తుల గోపురం గుర్తుకొస్తుంది. తమిళనాడు ప్రభుత్వ ముద్రమీద ఉన్న గోపురం అదే. పాలకోవా గుర్తుకొస్తుంది. తెలుగువారికి మాత్రం ఆముక్తమాల్యద గుర్తుకు రావాలి. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆ కావ్యానికి ఈ ఊరినే వేదిక చేసుకున్నాడు. కథానాయిక గోదాదేవి. ఆమె తండ్రి విష్ణుచిత్తుడు. తమిళులు ఆయనను పెరియాళ్వారు అంటారు. తులసితోట పెంచి, దేవుడికి మాలలు కట్టి, దారినపోయే భక్తులకు అన్నం పెట్టడం ఆయన నిత్యకృత్యం.

ఆయన అన్నం ఎలా పెట్టేవాడో రాయలు చెప్పిన తీరు గమనించండి. ఋతువు మారితే విష్ణుచిత్తుని వంటిల్లు మారుతుంది. వానలు ముసురు పట్టినప్పుడు కట్టెలు తడిసి పొగ చూరుతాయి కదా, అందుకని ఇల్లాలు కొబ్బరి చిప్పలు రాజేసి వండుతుంది. పప్పు, తాలింపు కూరలు, ఎండలో దాచిన వరుగులు, వడియాలు, నెయ్యి, పెరుగు వడ్డిస్తారు. ఎండాకాలం వచ్చేసరికి గోరువెచ్చని తేలికైన అన్నం, చారు, మజ్జిగ పులుసు, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, పండ్లు. చలికాలంలో వేడి వేడి అన్నం, మిరియాల కారం తగిలిన కూరలు, ఆవ ఘాటు ఎక్కిన పచ్చళ్లు, కాగిన నెయ్యి, పాలు. ఇంత చేసీ అర్ధరాత్రి వేళ ఆ ఇంట వినిపించే మాట ఏమిటంటే, కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, దయతో ఆరగించండి అన్న క్షమాపణ.

ఈనాటి ఖరీదైన విడిదిలో నిర్వాహకులు నేర్చుకునే పాఠం ఇదే. బాటసారి ఒళ్లు ఎరిగి, కాలం ఎరిగి, అతను నోరు విప్పి అడగక ముందే అమర్చడం. రాయలు దీన్ని అయిదు వందల ఏళ్ల కిందటే రాశాడు. ఒక్క తేడా ఏమిటంటే విష్ణుచిత్తుని ఇంట లెక్క చీటీ ఉండదు.

అదే కావ్యంలో మరొక విడిది ఉంది. మధుర నగరంలో ఒక పరదేశి బ్రాహ్మణుడు పురోహితుని ఇంట భోజనం చేసి, అరుగు మీద నడుం వాల్చి ఒక నీతి పద్యం చదువుకుంటాడు. వానాకాలానికి కావలసింది మిగతా నెలల్లో కూడబెట్టుకోవాలి, ముసలితనానికి కావలసింది వయసులోనే చూసుకోవాలి, పరలోకానికి కావలసింది ఈ లోకంలోనే సంపాదించాలి అని దాని తాత్పర్యం. ఆ రాత్రి మారు దారిన వెళ్తున్న పాండ్యరాజు చెవిన ఆ మాట పడుతుంది, మనసు మారుతుంది. విష్ణుచిత్తుడు రాజసభకు వెళ్లడానికి అదే నాంది. ఊరూ పేరూ తెలియని ఒక బాటసారికి అరుగు మీద చోటివ్వడం వల్ల కథ మలుపు తిరిగింది.

ఇక కావ్యం నుంచి చరిత్రకు వద్దాం. రాయల కాలం చివర మధుర నాయక రాజ్యం ఏర్పడింది. విశ్వనాథ నాయకుడు ఆ సీమను 72 పాళయాలుగా పంచాడని చెబుతారు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణానికి నడిచి వెళ్లి సాత్తూరు, కోవిల్‌పట్టి, ఎట్టయపురం చుట్టూ ఉన్న నల్లరేగడి నేలలో స్థిరపడ్డాయి. తమిళంలో ఆ భూమిని కరిసల్ అంటారు. ప్రత్తి, సజ్జ, జొన్న పండే మెట్ట నేల అది. ఆ వలస కథను తమిళ నవలగా రాసినవాడు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్. ఆయన ఇంటి భాష తెలుగు. ఆయన రాసిన గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన 2021లో కన్నుమూశారు.

నాయకులు బాటలను పట్టించుకున్నారు. 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుని పేరుతో శ్రీవిల్లిపుత్తూరులో నేటికీ ఒక మహలు ఉంది. 1689 నుంచి సుమారు పదిహేనేళ్లు మనుమడి తరఫున రాజ్యం నడిపిన రాణి మంగమ్మ చెట్ల నీడ గల బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మధుర రైల్వే స్టేషను ఎదుట మంగమ్మ సత్రం ఇప్పటికీ ఉంది. దక్షిణ జిల్లాల్లో పాత బాటను మంగమ్మ సాలై అని పిలవడం జనం మరచిపోలేదు. పాళయాల్లో కావలి పద్ధతి ఉండేది. బాటసారి సొత్తు దొంగలపాలైతే ఆ హద్దు కావలివారే వెతికి తేవాలి, తేలేకపోతే బదులు చెల్లించాలి. విడిది అంటే పైకప్పు, పట్టెడన్నం మాత్రమే కాదు, ప్రాణానికీ సొత్తుకూ పూచీ కూడా అన్నమాట. ఇంగ్లీషువారు సత్రానికి వాడిన చౌల్ట్రీ అన్న పేరు మన దక్షిణాది చావడి నుంచి పుట్టినదే.

1799లో పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మను కయత్తారులో కుంఫిణీ వాళ్లు ఉరితీశారు. 1801 నాటికి పాలెగాళ్ల తిరుగుబాటు అణిగిపోయింది. మిగిలినవారు జమీందారులయ్యారు. కత్తి పోయింది గాని పెద్దింటి ఆతిథ్యం పోలేదు. దీనికి మంచి సాక్ష్యం కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురం. తెలుగు మూలాలున్న సంస్థానం అది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి అక్కడి ఆస్థాన విద్వాంసుడు. దీక్షితులు చివరి దశలో అక్కడికే చేరి 1835లో అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఆ ఊళ్లోనే ఉంది. బాలుస్వామి దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని వెలువరించారు. అచ్చయింది ఎట్టయపురంలోనే. భాష తెలుగు, లిపి తెలుగు. కర్ణాటక సంగీతానికి ఈనాటికీ ఆధారగ్రంథం అది. ఒక మెట్ట ప్రాంతపు జమీందారు ఇల్లు విద్వాంసులకు తరాల తరబడి నీడనివ్వకపోతే ఆ పుస్తకం మనకు దక్కేదా?

తర్వాత కాలం మారింది. 1876లో మధుర నుంచి తూత్తుకుడికి రైలుదారి పడింది. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఆ దారిలోవే. రెండు మూడు మజిలీల ప్రయాణం ఒక పూటలో ముగిసినప్పుడు మధ్యలో సత్రంతో పనేముంది? దొరలకు ముసాఫరు బంగళాలు వచ్చాయి, పట్టణాల్లో పూటకూళ్ల ఇళ్లు, ఆ పైన లాడ్జీలు వచ్చాయి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీలు ప్రభుత్వపరమయ్యాయి. రాబడి ఆగిపోయింది, మేడలు మాత్రం మిగిలాయి. ఏటేటా వానకు కారే మిద్దెను బాగు చేయించాలంటే సొమ్ము కావాలి. టేకు స్తంభాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయిన ఇళ్లు మన సరిహద్దు జిల్లాల్లోనూ లేకపోలేదు.

ఇలాంటి ఇబ్బంది ప్రపంచంలో ఇతరులకూ వచ్చింది. అమెరికాలో డకోటా ప్రాంతంలో ఈటన్ అనే అన్నదమ్ములకు ఒక పశువుల క్షేత్రం ఉండేది. తూర్పు పట్టణాల నుంచి స్నేహితులు వచ్చి వారాల తరబడి ఊరికే ఉండిపోయేవారు. తిండి ఖర్చు మోయలేని స్థితి వచ్చింది. చివరికి అతిథులే మా ఖర్చు మేము ఇచ్చుకుంటామన్నారు. 1880లలో అలా మొదలైనదే ఆ దేశంలో పాత క్షేత్రాల్లో డబ్బిచ్చి బస చేసే పద్ధతి. ఆ సోదరులు 1904లో వయోమింగ్ రాష్ట్రానికి మారి అక్కడా దాన్ని సాగించారు. స్పెయిన్‌లో ప్రభుత్వమే 1928లో పారడోర్ అనే విడుదుల వరుస మొదలుపెట్టి, పాత కోటలనూ మఠాలనూ బసలుగా మార్చింది. మన దేశంలో జైపూరు రాంబాగ్ భవనం 1957లో హోటలయింది. హైదరాబాదు ఫలక్‌నుమా 2010లో తలుపులు తెరిచింది. శ్రీవిల్లిపుత్తూరుకు ఈశాన్యంగా ఉన్న చెట్టినాడులో, బర్మా టేకుతో కట్టిన వర్తకుల మేడలు కొన్ని విడిది ఇళ్లయ్యాయి. కానాడుకాత్తాన్‌లో ఒక తండ్రి కూతురి కోసం కట్టించిన ఇల్లు ఇప్పుడు హోటలు. 1950కి ముందు కట్టిన కట్టడాలకు హెరిటేజ్ హోటలు అనే గుర్తింపును కేంద్ర పర్యాటక శాఖ ఇస్తోంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అన్నం అమ్ముకునే కాలం వచ్చిందని నిట్టూర్చి, పాత సత్రాలను పొగిడి ఊరుకుంటే చరిత్రకు న్యాయం చేసినట్టు కాదు. ఆ సత్రాల పంక్తి అందరికీ సమానం కాదు. కులాన్ని బట్టి వడ్డన, కులాన్ని బట్టి చోటు. వాకిలి దాటి లోపలికి రాకూడని బాటసారులు ఎందరో చెట్టు కిందే రాత్రి గడిపారు. మధుర మీనాక్షి గుడిలోకి అందరికీ ప్రవేశం దొరికింది 1939లో. డబ్బు పుచ్చుకునే విడిది పుట్టుక అడగదు. అంతవరకు అది మేలే. కాని అది కూడా ఒక గుమ్మం కట్టింది. ఆ గుమ్మం పేరు ధర. పాత కాలంలో పుట్టుకను బట్టి బయట నిలబడినవాడి మనుమడు ఈ రోజు ఆ మేడలోకి వెళ్లగలుగుతున్నాడు, కాని ఎక్కువగా పళ్లెం పట్టుకునే పనివాడిగా.

మరి పాత ఇళ్లున్న మనవాళ్లు ఏం చేయాలి? అమ్మేసి రాళ్లూ కలపా పంచుకోవడం కన్నా, నాలుగు గదులు బాగు చేసి ప్రయాణికులకు ఇవ్వడం ఎంతో నయం. ఇల్లు నిలబడుతుంది, ఊళ్లో నలుగురికి పని దొరుకుతుంది. అయితే ఇటుకా సున్నమూ మాత్రమే అమ్మితే వచ్చినవాడికి మిగిలేది ఒక ఫొటో. మండువా ఎందుకు అలా కట్టారో, గాదెలో ఏ ధాన్యం పోసేవారో, ఆ కుటుంబం ఏ దారిన దక్షిణానికి వచ్చిందో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉండాలి. చెప్పే మనిషి ఉండాలంటే ఆ కథ తెలిసిన భాష ఇంట్లో బతికుండాలి. కరిసల్ సీమలో తెలుగు చాలా ఇళ్లలో మాటగా ఉంది, రాతగా లేదు. అవ్వ చెప్పిన మాటను మనుమరాలు వినగలదు, రాసుకోలేదు. అవ్వతోపాటే ఆ ఇంటి సగం చరిత్ర వెళ్లిపోతుంది. మిద్దె కూలిపోతే మళ్లీ కట్టవచ్చు, ఇది మాత్రం తిరిగి రాదు.

అందుచేత పాత ఇల్లున్నవారికి నా మనవి ఇది. ఈ సెలవుల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇంటి కథ అడగండి. తెలుగు లిపి వస్తే తెలుగులో, రాకపోతే తమిళ లిపిలోనే రాసిపెట్టండి. ఇంటి భాగాల పేర్లు, పండుగ వంటలు, వచ్చిపోయిన అతిథుల పేర్లు రాయండి. ముందు ముందు ఎవరైనా బస చేయడానికి వస్తే వారికి సజ్జ సంకటి పెట్టండి, ఆ కథ చెప్పండి. వచ్చినవారి దగ్గర సొమ్ము పుచ్చుకోవడంలో తప్పు లేదు. దానితోపాటు దారిన వచ్చే పేద యాత్రికుడికీ, బడిపిల్లలకూ ఏడాదిలో కొన్ని రోజులైనా ఆ వాకిలి ఊరికే తెరవండి. వండి వడ్డించి కూడా ఇంకా చాలలేదేమో అని మొహమాటపడిన విష్ణుచిత్తుని ఊరి నుంచి మనం నేర్చుకోవలసింది అదే.