బోరు పంపు ఇంపెల్లర్ మార్పిడి (నూజివీడు మామిడి తోటలు)

సబ్‌మెర్సిబుల్ పంపులో గిర్రున తిరుగుతూ నీటిని పైకి నెట్టే చక్రమే ఇంపెల్లర్. ఏలూరు జిల్లా నూజివీడు మెట్ట ప్రాంతంలో చిన్నరసాలు, బంగినపల్లి తోటలు చాలావరకు బోర్ల మీదే ఆధారపడతాయి. లోతైన బోరుకు ఒక్క ఇంపెల్లర్ చాలదు. ఒకే షాఫ్టుపై అనేక అంచెలుగా అమరుస్తారు; ప్రతి అంచె నీటి పీడనాన్ని కొంత పెంచుతుంది.

నీటితో వచ్చే ఇసుక వీటిని అరగదీస్తుంది. మోటారు తిరుగుతున్నా ధార సన్నబడుతుంది. నీటిమట్టం పడిపోయినా, పైపుకు చిల్లిపడినా, వోల్టేజీ తగ్గినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ముందు అవి చూసుకోవాలి. పంపును పైకి తీయడం చిన్న పని కాదు.

కరెంటు ఆపి, ఫ్యూజులు తీసి, చైన్ పుల్లీతో పైపులు ఒక్కొక్కటీ లాగుతారు. అరిగిన ఇంపెల్లర్లతో పాటు బుష్‌లనూ మార్చడం మేలు. కొత్తవి అదే మోడల్‌వి కావాలి; బిగించాక షాఫ్టు చేతికి తేలిగ్గా తిరగాలి. త్రీఫేజు వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి ధార పలచబడుతుంది. చాలాచోట్ల కొత్త ఇంపెల్లర్లపై అకారణంగా నింద పడేది ఇక్కడే.

పూతకు ముందు మామిడికి తడులు ఆపుతారు. ఈ మరమ్మతుకు ఆ నెలలే అనువు; పిందె దశలో నీరందకపోతే పిందె రాలుతుంది.