కళ్యాణదుర్గం అను పేరు: యంత్రము నేర్చిన తెలుగు

కళ్యాణదుర్గం అను పేరు వ్రాయుటకు అయిదక్షరములు చాలును: క, ళ్యా, ణ, దు, ర్గం. ఇందు రెండింటికి ఒత్తులున్నవి. పలకపై దిద్దుకొనిన బాలునకు ఇది కష్టము కాదు. కాని అంగళ్లలోను ఇండ్లలోను ఉండు సామాన్యపు కంప్యూటరు ఈ పేరును తనంత తాను తెలుగుగా గుర్తించుటకు 2001వ సంవత్సరము రావలసి వచ్చినది. ఆ మార్పు ఎట్లు సంభవించెనో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

వెనుకటి దినములలో గ్రామమునకు కరణమెట్టివాడో, కంప్యూటరునకు నిర్వహణ వ్యవస్థ అట్టిది. ఎవరికెంత చోటు, ఏ లెక్క ఎచ్చట, ఏ గుర్తుకు ఏ రూపము అను విషయములన్నియు అదియే చూచుకొనును. మైక్రోసాఫ్టు సంస్థవారి విండోస్ 98 అట్టి వ్యవస్థ. అది 1998 జూన్ 25న వెలువడి మిక్కిలి ప్రచారము పొందినది. అయినను దానియందు రెండు లోపములుండెను.

మొదటిది పునాదికి సంబంధించినది. అది పాతకాలపు డాస్ వ్యవస్థపై కట్టిన మేడ. ఒక ప్రోగ్రాము తప్పటడుగు వేసినచో యంత్రమంతయు స్తంభించెడిది. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైళ్ల పట్టికయే తారుమారగుట కలదు.

రెండవది మన భాషకు సంబంధించినది. ఆనాటి తెలుగు ఫాంటులు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను కూర్చెడివి: తలకట్టు ఒకచోట, ఒత్తు మరియొకచోట. తెరపై తెలుగు కనబడినను ఫైలులో తెలుగు లేదు. అదే ఫైలును ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థము లేని ఆంగ్ల చిహ్నములు కనబడును. పేరు వెదకుటకుగాని, అకారాదిగా పేర్చుటకుగాని వీలు లేకుండెను.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. అనంతపురము పీఠభూమిపై వానలు తప్పుట వింత కాదు. వేరుసెనగ ఎండినపుడు రైతునకు సాయము జాబితా రూపమున రావలసియుండును: పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము. ఒకచోట కొట్టిన జాబితా మరియొకచోట చదువుటకు వీలుగానిచో మరల కొట్టవలెను. కొట్టినప్పుడెల్ల ఒక ఒత్తు జారవచ్చును, ఒక పేరు మరియొక పేరు కావచ్చును. పేరు తప్పిన రైతు పొలము ఎండినదని ఏ కాగితము చెప్పగలదు?

ఇందుకు మందు శాస్త్రజ్ఞులు ముందే కనుగొనియుండిరి. అక్షరపు రూపమునకు కాక అక్షరమునకే సంఖ్య నీయవలెనన్నది ఆ ఉపాయము. 1988లో ఇస్కీ అను భారతీయ సంకేతపద్ధతి ఏర్పడినది. దాని ననుసరించి 1991లో ప్రపంచ లిపులకెల్ల ఉమ్మడియగు యూనికోడు తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. ఈ పద్ధతిలో కళ్యాణదుర్గం పండ్రెండు సంకేతముల వరుస. ళ, పొల్లు, య, దీర్ఘము అని వ్రాసియుంచినచో, వానిని కలిపి ‘ళ్యా’గా తీర్చుట నిర్వహణ వ్యవస్థ పని. 2000 ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000 ఈ పనిని దేవనాగరికిని తమిళమునకును చేసినది, తెలుగునకు చేయలేదు.

2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పి వచ్చినది. దానితో తెలుగునకు గౌతమి, కన్నడమునకు తుంగ అను ఫాంటులు వచ్చినవి. కన్నడ సీమకు చేరువగా నుండి, నీటికి మొగము వాచిన కళ్యాణదుర్గం ప్రాంతమునకు నదుల పేర్లు గల అక్షరములు రెండును ఒకేసారి లభించినవి!

పునాది కూడ మారినది. 1993 నుండి పెద్ద సంస్థల యంత్రములకు పరిమితమైయున్న ఎన్.టి. పునాది ఇండ్లలోనికి వచ్చినది. ఒక ప్రోగ్రాము చెడినను తక్కినవి సాధారణముగ నిలుచును. దానితో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతి, వర్తకుడు ముందు చిట్టాలో వ్రాసి పిదప ఆవర్జాకు ఎక్కించునట్లు, చేయబోవు మార్పును ముందుగా గుర్తు వ్రాసికొనును. కరెంటు పోయినచో భద్రపరచని వ్రాత పోవచ్చునుగాని ఫైళ్ల పొందిక సులభముగ చెడదు.

ఎక్స్‌పియందు కొరతలు లేవని కాదు. ఆంగ్ల ప్రతిలో తెలుగును కొనువాడే తెరచుకొనవలెను. అందుకు సాధారణముగ మూలపు డిస్కు కావలెను. ఈ చిక్కు 2007 జనవరి 30న సామాన్యులకు వెలువడిన విస్టాతో తీరినది. పాత ఫాంటుల ఫైళ్లు వానంతట అవి తెలుగు కాలేదు. మరియు ‘కళ్యాణ’, ‘కల్యాణ’ అను రెండు వ్రాతలును యంత్రమునకు వేర్వేరు మాటలే. ఏది వ్రాయవలెనో మనుష్యులే నిర్ణయించుకొనవలెను.

2014 ఫిబ్రవరి 4న, ఈ జిల్లాలోని బుక్కాపురమునకు చెందిన కుటుంబమున పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టు అధిపతియైరి. రెండు నెలల పిదప, ఏప్రిల్ 8న, ఎక్స్‌పికి ఆ సంస్థ మద్దతు ముగిసినది. వ్యవస్థ మూలబడినను, అందులో యూనికోడున వ్రాసిన కళ్యాణదుర్గం నేటి ఫోనులోను కళ్యాణదుర్గముగనే కనబడుచున్నది. రూపము మారినను పేరు చెదరలేదు. పాతదానికంటె క్రొత్తది మేలనుటకు మాకు తోచిన ముఖ్య కారణమిదియే. పాత ఫాంటులలో పద్దులు, దస్తావేజుల నకళ్లు ఇంకను మిగిలియున్నవారు, వానిని చదువగల యంత్రము దొరకుచుండగనే యూనికోడులోనికి మార్చుకొని, ఒక్కొక్క పేరును అసలు కాగితముతో సరిచూచుకొనుట మంచిది.