షాడో నవలలు

తెలుగు గూఢచారి నవలల్లో విస్తృతంగా చదివించుకున్న వరుస ఇది. రచయిత మధుబాబు, అసలు పేరు వల్లూరు మధుసూదనరావు. కథానాయకుడు షాడో సి.ఐ.బి. అనే గూఢచారి సంస్థ ఏజెంటు. ఆ సంస్థ అధిపతి కులకర్ణి, సహచరులు శ్రీకర్, గంగారాం, ముఖేష్, బిందు పుస్తకం తరువాత పుస్తకంలో తిరిగి కనిపిస్తారు. పాఠకుణ్ణి కట్టిపడేసింది ఈ బృందమేనని చెప్పాలి. కుట్రల్లోని చిక్కుముడులు ఆ తరువాతే.

షాడోకు ముందే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు అపరాధ పరిశోధనకు తెలుగు పాఠకులను అలవాటు చేశారు. షాడో కథ మాత్రం దేశాల సరిహద్దులు దాటింది.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనూ, మిగతా తెలుగు పట్టణాల్లో లాగే, ఇలాంటి పాకెట్ పుస్తకాలకు అద్దె దుకాణాలు, బస్టాండు, రైల్వేస్టేషన్ స్టాళ్లే ఒకప్పుడు ఆధారం. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల సంప్రదాయం వేరు. పెద్దల సాహిత్య చర్చల్లో డిటెక్టివ్ నవలకు దక్కిన చోటు తక్కువ. అది అన్యాయమే. ఎందరికో చదివే అలవాటు పట్టించింది ఈ పుస్తకాలే.

షాడో కథలు కొన్ని ఒక పుస్తకంలో ముగియక మరో భాగానికి సాగుతాయి. ఎంత సాగినా రాసే చేయి మధుబాబుదే. జేమ్స్ బాండ్ పద్ధతి వేరు: 1964లో ఇయాన్ ఫ్లెమింగ్ మరణించాక కింగ్‌స్లీ ఏమిస్ 1968లో ‘కల్నల్ సన్’ రాశారు, 1981 నుంచి జాన్ గార్డ్‌నర్, తరువాత రేమండ్ బెన్సన్ కొనసాగించారు. షాడోకు అలాంటి వారసుల అవసరం పడలేదు. ఆ పాత్ర మధుబాబు పేరుతోనే నిలిచింది.